ఫలక్‌నుమాలో ఒక రాత్రి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏదైనా ఒక యాత్రావిశేషము చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. కాశీ, గయ, రామేశ్వరములను గూర్చి నాకంటె చక్కగా చెప్పగలవారు ఈ సభలోనే పలువురున్నారు. కావున నేనొక హోటలును గూర్చి చెప్పదలచినాను. హోటలును గూర్చి ప్రసంగమేమిటని తమరు నవ్వవచ్చును. చివరివరకు వినిన పిమ్మట నవ్వవలసినదిగా ప్రార్థన.

ఫలక్‌నుమా అనగానే కలకత్తాలోనున్న మన తెలుగువారికి మొదట స్ఫురించునది రైలుబండి. హౌరా స్టేషనులో సామానులు లెక్కించుకొని ఎక్కునది ఆ బండియే. పోవునపుడు రసగుల్లాల డబ్బాలు, వచ్చునపుడు ఆవకాయ జాడీలు. ఆ బండికి పేరిచ్చిన భవనమొకటి హైదరాబాదున కొండమీద కలదని వినియుంటినే గాని, దానిలో నేనొక రాత్రి నిద్రింతునని ఎన్నడును తలపలేదు. నిద్రించితినని చెప్పుట కూడ పూర్తిగా నిజము కాదు. ఆ సంగతి తరువాత మనవిచేయుదును.

ముందుగా ఆ భవనముయొక్క చరిత్రము. ఫలక్ అనగా ఆకాశము, నుమా అనగా చూపునది. ఆకాశదర్పణమని వాడుకలో చెప్పుదురు. చార్మినారునకు దక్షిణముగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరమున, ఒక కొండమీద, 1884 మార్చి 3వ తేదీన దీనికి శంకుస్థాపన జరిగినది. కట్టించినవారు పాయిగా వంశీయులైన నవాబు సర్ వికారుల్ ఉమరా. ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు బావ వరుస. తరువాత హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రి కూడ అయినారు. ఇటలీనుండి పాలరాతిని తెప్పించినారు. పైనుండి చూచిన ఈ కట్టడము తేలు ఆకారమున, రెండు కొండులు చాచినట్లు ఉండునని చెప్పుదురు. పని ముగియుటకు తొమ్మిది సంవత్సరములు పట్టినది.

అంతటి ధనవంతుడు కూడ ఈ కట్టడమువలన అప్పులపాలయినాడు. 1897 ప్రాంతమున మహబూబ్ అలీఖాను అతిథిగా ఇచటికి వచ్చి, భవనమును మెచ్చుకొనగా, వికారుల్ ఉమరా దానిని ప్రభువునకే సమర్పించినారనియు, ప్రభువు దానికి వెల చెల్లించి స్వీకరించినారనియు చెప్పుదురు. కట్టినవానికి ఆ ఇల్లు దక్కినది కొద్ది సంవత్సరములు మాత్రమే. 1902లో ఆయన మరణించినారు. మహబూబ్ అలీఖాను 1911లో ఈ భవనమునందే కన్నుమూసినారు. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను కింగు కోఠీలో నివసించి, దీనిని రాజాతిథులకు విడిదిగా వాడినారు. మన ప్రథమ రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు 1951లో ఇచట బసచేసినారు. ఆ తరువాత తలుపులు మూతపడినవి. ఇంచుమించు అర్ధ శతాబ్దము ఆ కొండమీద దుమ్ము మాత్రమే కాపురమున్నది.

నేను వృత్తిచేత లెక్కల తనిఖీ చేసినవాడను. ఈ చరిత్రము వినినపుడు నాకు కనబడినది వైభవము కాదు, రెండు పద్దులు. ఒకటి నిర్మాణపు పద్దు, రెండవది నిర్వహణపు పద్దు. భవనము కట్టుటకు మంజూరు సులభముగా వచ్చును. శంకుస్థాపనకు పెద్దలు వత్తురు, ఛాయాచిత్రములు తీయుదురు. ఏటేట సున్నము వేయుటకు, పైకప్పు కారకుండ చూచుటకు సొమ్ము అడిగినచో ఎవరును పలుకరు. మన కార్యాలయములలో పనిచేసిన ప్రతివారికి ఈ బాధ అనుభవములోనిదే. నవాబుకైనను, గుమాస్తాకైనను ఈ న్యాయమొక్కటే.

దేశమందలి సంస్థానములన్నిటికిని ఇదే గతి పట్టినది. రాజ్యములు విలీనమైనవి. రాజభరణములు 1971లో రాజ్యాంగ సవరణముచేత రద్దయినవి. ముందుచూపుగల కొందరు అంతకు పూర్వమే దారి వెదకుకొనిరి. జయపుర మహారాజు తన రామ్‌బాగ్ భవనమును 1957లోనే హోటలుగా మార్చినారు. ఉదయపురపు సరస్సు నడుమనున్న భవనము 1963లో హోటలయినది. మైసూరులో రాజప్రతినిధి విడిదికై 1921లో కట్టిన లలితమహలు 1974లో హోటలయినది. జోధపురమునందలి ఉమ్మేద్ భవనమును కరవు కాలమున ప్రజలకు పని కల్పించుటకై 1929లో మొదలిడి 1943 వరకు కట్టినారు. అందులో ఒక భాగము నేడు హోటలు, ఒక భాగము ప్రదర్శనశాల, ఒక భాగమున యజమానుల నివాసము.

ఫలక్‌నుమా వంతు ఆలస్యముగా వచ్చినది. 2000 ప్రాంతమున తాజ్ సంస్థవారు దీనిని కౌలుకు తీసికొన్నారు. నిజాము కుటుంబపు కోడలు ఎస్రా రాకుమారి పర్యవేక్షణమున దాదాపు పది సంవత్సరములు బాగుచేసి, 2010 నవంబరులో అరువది గదుల హోటలుగా తెరచినారు. కట్టుటకు తొమ్మిదేండ్లు, బాగుచేయుటకు పదేండ్లు. ఈ రెండంకెలను పిల్లలు గుర్తుంచుకొనవలెను.

ఇక మా సంగతి. ఒక పని మీద నేనును మా ఇంటివారును హైదరాబాదు వెళ్లవలసి వచ్చినది. ఆ సమయముననే మా అమ్మాయి, మా పెండ్లి అయి నలుబది సంవత్సరములు నిండినవని, తన జీతములోనుండి సొమ్ము చెల్లించి అక్కడ ఒక రాత్రికి గది ఏర్పాటుచేసినది. నేను ఒప్పుకొనలేదు. 1984లో నేను ఉద్యోగమున చేరినది మొదలు రెండేండ్లపాటు సంపాదించినదంతయు కూడినను ఆ ఒక్క రాత్రికి చాలదు. “నాన్నగారూ, సొమ్ము చెల్లించినాను, తిరిగి రాదు” అని అమ్మాయి అన్నది. తిరిగిరాని సొమ్మును వృథా చేయుట తనిఖీదారునకు తగదు గదా. కావున వెళ్లితిమి.

కొండ దిగువ ద్వారముకడ మోటారు నిలిపి, అక్కడినుండి గుఱ్ఱపు బగ్గీలో ఎక్కించినారు. మెట్లెక్కుచుండగా పైనుండి గులాబిరేకులు కురిపించినారు. “ఏమండీ, మన పెండ్లినాడు కూడ ఇన్ని పూలు పడలేదు” అని మా ఆవిడ మెల్లగా అన్నది. నేను నా పాదరక్షల వంక చూచుకొన్నాను. అంతటి పాలరాతిమీద అవి చేసిన చప్పుడు నాకే వింతగా తోచినది.

సాయంకాలము ఒక పెద్దమనిషి అతిథులను వెంటబెట్టుకొని భవనమంతయు చూపినారు. ముఖశాలలో నీటిబుగ్గ, పైకప్పున చిత్రములు. పాలరాతి మెట్లవరుస ప్రక్కన గోడమీద నాటి పెద్దల చిత్తరువులు. గ్రంథాలయపు పైకప్పు చెక్కడము ఇంగ్లండునందలి విండ్సరు కోటలోనిదానికి ప్రతిరూపమని చెప్పినారు. భోజనశాలలో ఒక్క బల్లచుట్టును నూటొక్క ఆసనములు. 2017 నవంబరు 28వ తేదీన ప్రపంచ పారిశ్రామికుల సభకు వచ్చిన అతిథులకు మన ప్రధానమంత్రి విందుచేసినది ఈ బల్ల వద్దనే. ఒక కొనను మెల్లగా పలికిన మాట రెండవ కొనకు వినబడునట్లు ఆ శాలను కట్టినారట. మా ఆవిడ ఆ కొనకు వెళ్లి ఏదో పలికినది. నాకు వినబడలేదు. వయస్సు నాదే గాని దోషము శాలది కాదు.

జాకబ్ వజ్రపు కథ కూడ చెప్పినారు. మహబూబ్ అలీఖాను కొన్న ఆ వజ్రము, ఆయన పోయిన పిదప ఒక పాదరక్ష కొనలో ఉస్మాన్ అలీఖానునకు దొరకినదనియు, ఆయన దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా వాడినారనియు ప్రతీతి. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలు 173 వస్తువులను 218 కోట్ల రూపాయలకు కొనినది. వానిలో ఆ వజ్రమును కలదు. అవి రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్నవి. ఆ విధముగా చూచిన ఆ కాగితపు బరువునందు ఈ సభలోని ప్రతివారికి ఒక చిన్న వాటా కలదు.

భోజనమైన తరువాత మేడమీద కూర్చుంటిమి. ఎదుట నగరము దీపములతో నిండియున్నది. తేనీరు తెచ్చిన యువకుడు మేము తెలుగులో మాటాడుకొనుట విని నిలిచినాడు. ఆ కొండ దిగువనే అతని ఇల్లు. “మా తాత ఈ తోటలో పని చేసినాడు, సార్. మా నాయన పెద్దవాడగువరకు ఈ గేటు మూసియే ఉండెను. గోడ అవతల దయ్యములున్నవని మమ్ములను బెదరించెడివారు” అన్నాడు. లోపల పని దొరకిన మొదటి దినమున తల్లి అతనినొక ప్రశ్న అడిగినదట. మెట్లు నిజముగా పాలరాయియేనా, మీ తాత చెప్పినది అబద్ధమా అని. అతడు మెట్లకు ఛాయాచిత్రము తీసి చూపినాడట. ఆమె చాలసేపు చూచి, “అయితే ఆయన అబద్ధమాడలేదు” అన్నదట.

ఆ మాట వినినప్పటినుండి నాకు రెండు భావములు కలిగినవి. ఆ తోటమాలి మనుమడు నేడు ఆ మెట్లమీద గౌరవముగా నడచి జీతము తెచ్చుకొనుచున్నాడు, ఇది మేలు. కొండ క్రింద ఇండ్లలో ఇంకను ఎందరికో ఆ మెట్లు ఛాయాచిత్రములో మాత్రమే కనబడును, ఇది కొరత. ఈ రెంటిలో ఏదియు రెండవదానిని కొట్టివేయదు. లెక్కలో రెండును వ్రాయవలసినవే.

ఇప్పుడు నా నిద్ర సంగతి. హైదరాబాదునకు పని మీద వెళ్లితినని చెప్పితిని గదా. ఆ పని ఇది. కోనసీమలో మా తాతగారు కట్టిన మండువా ఇల్లు ఒకటి కలదు. మేము ముగ్గురము అన్నదమ్ములము. మా అమ్మ పోయిన తరువాత పదునొకండేండ్లుగా ఆ ఇంటికి తాళము. ఒక గుత్తదారు టేకు స్తంభములకు, దూలములకు, స్థలమునకు కలిపి వెలకట్టినాడు. ఇల్లు కూల్చి నాలుగంతస్తులు లేపును. ఒప్పందపు కాగితములు స్టాంపులతో సహా నా సంచిలో ఉన్నవి. నేను సంతకము చేసితిని. అన్నయ్యచేత చేయించుటకే ఆ ప్రయాణము.

రాత్రి రెండు గంటలవేళ మా ఆవిడ, “మీరింకను నిద్రపోలేదా” అని అడిగినది. లేదన్నాను. “ఆ పిల్లవాని తల్లి మాటయేనా” అన్నది. ఔనన్నాను. కొంతసేపు ఊరకుండి, “మన మండువాలో వాన పడినపుడు అత్తగారు ఇత్తడి గంగాళము పెట్టి నీరు పట్టెడివారు. మనుమరాలికి చెప్పితిని. ఇంటిలోపల వాన యెట్లు పడునమ్మమ్మా, అబద్ధము చెప్పుచున్నావు అన్నది” అని చెప్పి అటు తిరిగి పడుకొన్నది. నేను తెల్లవారువరకు మేల్కొనియే ఉంటిని. దూరమున మసీదునుండి తొలి ప్రార్థన వినబడినది. అంతటి మెత్తని పరుపు మీద పరుండి అంత కష్టపడినవాడు మరియొకడుండడు.

మరునాడు అన్నయ్య ఇంటికి పోవుటకు ముందు రెండు స్థలములు చూచితిమి. ఒకటి చౌమహల్లా. అదియును నిజాముల భవనమే. దానిని హోటలు చేయక ప్రదర్శనశాలగా బాగుచేసినారు. 2010లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ పురస్కారము పొందినది. టిక్కెట్టు కొని ఎవరైనను లోనికి పోవచ్చును. మేము వెళ్లిననాడు బడిపిల్లలు బారులు తీరి దీపగుచ్ఛముల క్రింద నోరు తెరచుకొని నిలిచియుండిరి. రెండవది కోఠీలోని రెసిడెన్సీ. జేమ్స్ కర్కుపాట్రిక్ అను ఆంగ్ల ప్రతినిధి కాలమున, 1803 తరువాత కట్టినది. 1949 నుండి అది ఆడపిల్లల కళాశాల. నేడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయము. రాజప్రతినిధి దిగిన మెట్లమీద ఆడపిల్లలు పుస్తకములతో నడచి చదువుకొన్నారు.

కావున పాత భవనమునకు మూడు దారులు. హోటలు కావచ్చును, ప్రదర్శనశాల కావచ్చును, బడి కావచ్చును. మొదటిది తన ఖర్చు తాను సంపాదించుకొనును, కాని ద్వారము ఇరుకు. రెండవదానికి ద్వారము విశాలము, కాని వెనుక పోషకులుండవలెను. మూడవది ఎక్కువమందికి పనికివచ్చును, కాని ఎక్కువ అరుగుదల. ఏ దారియును లేనిచో నాలుగవది సిద్ధముగానే ఉండును, అది తాళము. తాళమువేసిన ఇంటిని కూల్చువాడు గుత్తదారు కాడు. కూల్చు పని తాళమే మొదలిడును, గుత్తదారు ముగించును.

అన్నయ్య ముందు కాగితములు పెట్టి, నాకు మనస్సు ఒప్పుటలేదని చెప్పితిని. ఆయన కోపపడలేదు. “ఎవరుందురురా అందులో?” అని ఒక్క ప్రశ్న వేసినాడు. దానికి నావద్ద సమాధానము లేదు. ఫలక్‌నుమా నేర్పినదే ఆ ప్రశ్న. బాగుచేయుటకు ముందు అందులో ఎవరు మసలుదురో తేల్చుకొనవలెను. మనుష్యులు మసలని ఇంటికి ఎంత సున్నము కొట్టినను నిలువదు.

నెల రోజులు గడువు అడిగి ఊరికి పోయితిని. అక్కడ శాఖా తపాలా కార్యాలయము నడుపుచున్న ఒక అమ్మాయి, వాన వచ్చినచో తడియు గదిలో, గోనెపట్టా క్రింద లెక్కల పుస్తకములు దాచుకొని పనిచేయుచున్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. మా వీధి అరుగును, ముందుగదిని ఆమెకిచ్చితిమి. వెనుక గదిలో సాయంకాలము పిల్లలు చదువుకొందురు. దానికి ఊరిలోని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు పూనుకొన్నారు. పైకప్పు పెంకు విప్పి తిరిగి నేయించుటకు ముగ్గురము సమానముగా వేసికొన్నాము. అది చాలలేదు. పెరటిలోని గాదెను, పశువులశాలను విప్పించి ఆ కలప అమ్మి మిగిలినది పూడ్చుకొంటిమి. మా నాన్నగారు దూడలను కట్టిన శాల అది. దానిని విప్పుచుండగా నేను అక్కడ నిలువలేకపోతిని. అన్నియు నిలుపుకొంటిమని చెప్పినచో అది తప్పుడు లెక్క అగును. గుత్తదారునకు బయానా తిరిగి ఇచ్చితిమి, అతడు రెండు మాటలు అన్నాడు, పడితిమి.

గడచిన శ్రావణమాసమున మనుమరాలిని తీసికొనిపోయితిమి. మండువాలో వాన పడినది. గంగాళము దొరకలేదు. తపాలా అమ్మాయి తన బకెట్టు తెచ్చి పెట్టినది. పిల్ల ఆ వానధారను పట్టుకొని చూచి, అమ్మమ్మ వంక తిరిగి, “నిజమే” అన్నది.

సోదరులారా, సోదరీమణులారా! ఈ కథ చెప్పుటకు కారణము మా ఇంటి గొప్ప చాటుట కాదు. ఈ సభలో నూరు కుటుంబములున్నచో, కనీసము పాతికమందికి స్వగ్రామమున ఒక తాళమువేసిన ఇల్లు ఉండును. శ్రీకాకుళమున కావచ్చును, గుంటూరున కావచ్చును, నల్లగొండలో కావచ్చును. మనము బదిలీలమీద దేశమంతయు తిరిగినవారము. ఇండ్లు మాత్రము మనవెంట తిరుగలేదు. అమ్మవలసినవారు అమ్మవలసినదే, అవసరములు అందరికి నుండును. అమ్ముటకు ముందు మాత్రము మా అన్నయ్య వేసిన ప్రశ్నను ఊరిలో నలుగురిని అడిగి చూడుడు. ఎవరుందురు అందులో? కొన్నిచోట్ల సమాధానము వీధి చివరనే తడిసిన గదిలో కూర్చుండియుండును.

దూరము పోనక్కరలేదు. మన డల్‌హౌసీ చౌకములోని కరెన్సీ భవనమును తమరు దినదినము చూచుచున్నారు. 1833లో కట్టినది. 1990 తరువాత దానిలో కొంత కూల్చినారు, పిదప ఆపినారు. పురావస్తుశాఖ చేపట్టి నిలిపినది. 2020 జనవరిలో ప్రదర్శనశాలగా తెరచినారు. నడుమ కూలిన భాగము అట్లే ఆకాశమునకు తెరచియున్నది. ఈ ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లుడు. కూలినది, నిలిచినది రెండును ఒక్కచోట కనబడును.

మా అమ్మాయి వెచ్చించిన సొమ్ము వృథా అయినదా అని నన్ను మిత్రులడుగుచుందురు. ఒక్క రాత్రికి అంత వెల తగదనియే ఇప్పటికిని నా అభిప్రాయము. కాని ఆ రాత్రి నిద్రపట్టియుండినచో మా ఇల్లు ఈపాటికి ఉండదు. ఈ రెంటిని ఏ పద్దులో వ్రాయవలెనో తోచక, లెక్క ఇంకను ముగింపకయే ఉంచితిని.